కొండ రాళ్ల పుస్తకంలో తప్పు దొర్లింది, పీడీఎఫ్ ఊరంతా తిరుగుతోంది. ఇప్పుడేం చేయాలి?

విభాగం: బోధన సామగ్రి, తయారీ, పంపకం

తిరుచానూరు_టీచర్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ రెండేళ్లుగా చదివి వెళ్లిపోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

తిరుపతి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. కిందటేడు శిలల పాఠం జరుగుతుంటే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి "టీచర్, మన కొండ ఏ రాయి?" అంది. క్లాసు కిటికీలోంచి ఏడుకొండలు కనిపిస్తున్నాయి. అగ్నిశిల, అవక్షేప శిల, రూపాంతర శిల అని బోర్డు నిండా రాశాను గానీ ఎదురుగా ఉన్న కొండ అందులో దేని కిందికి వస్తుందో నాకే తెలియదు. "రేపు చెప్తా, కూర్చో" అన్నాను. ఆ రేపు రావడానికి నాలుగు నెలలు పట్టింది.

తెలుసుకున్నదంతా 16 పేజీల చిన్న పుస్తకం చేశాను. ఘాట్ రోడ్డులో కనపడే రాతి పొరలు, శిలాతోరణం, కింద స్వర్ణముఖి ఇసుక దాకా. మా పిల్లలకే కాదు, అలిపిరి మెట్లెక్కే వాళ్లు కూడా ఆగిన చోట చదువుకునేలా రాశాను. డీటీపీ చేయించి, సొంత డబ్బుతో 200 కాపీలు వేయించి, పీడీఎఫ్ మా టీచర్ల గ్రూపులో పెట్టాను. అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికి పోయిందో నాకు తెలియదు.

ఇప్పుడు మూడు తలనొప్పులు. 7వ పేజీలో పెద్ద తప్పుంది. కింది గ్రానైటుకీ పైన ఉన్న పొరకీ మధ్య 80 కోట్ల ఏళ్ల ఎడం అయితే నేను "8 కోట్ల ఏళ్లు" అని వేశాను. ఇంగ్లీషులో 800 మిలియన్ అని ఉన్నదాన్ని కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా మింగేశాను. పోనీ దిద్దుదామంటే అసలు ఫైలు నా దగ్గర లేదు. షాపులో అడిగి తెచ్చుకున్నా నా కంప్యూటర్లో తెరుచుకోదట. ఇక మూడోది. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు నా పేరున్న అట్ట పీకేసి, వాళ్ల స్టాంపు వేసుకుని 60 రూపాయలకు అమ్ముతున్నారని మా పాత విద్యార్థి ఫోటో పంపాడు. అందులోనూ అదే 8 కోట్లు. అమ్ముకున్నందుకు ఏడవాలో, తప్పుతో సహా అమ్ముతున్నందుకు ఏడవాలో అర్థం కావడం లేదు.

పాత_రాళ్లు | ఆదివారం రాత్రి 10:25

అమ్మా, రాళ్ల మధ్యే ఉద్యోగం చేసి రిటైరైన వాణ్ణి. ముందు తప్పు సంగతి చూద్దాం.

ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే కింద ఉండేది గ్రానైటు. పగుళ్లతో, గుండ్రటి బండలతో ఉంటుంది. పైకి పోయేకొద్దీ ఒక్కసారిగా గోడ పేర్చినట్టు పలకలు పలకలుగా క్వార్ట్‌జైట్ మొదలవుతుంది. ఆ రెండూ కలిసే గీతను ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటాం. కింది గ్రానైటు ఆర్కియన్ కాలానిది. ఆ కాలం ముగిసే 250 కోట్ల ఏళ్లయింది. ఆ రాయి పైకి తేలి, ఎండకు ఎండి, వానకు అరిగి చదునయ్యాక దాని మీద నీళ్లు ఇసుక పరిచాయి. ఆ ఇసుకే ముందు ఇసుకరాయి అయి, తర్వాత క్వార్ట్‌జైట్‌గా గట్టిపడింది. మధ్యలో సుమారు 80 కోట్ల ఏళ్లకు ఇక్కడ రాతి లెక్క లేదు. ఆ ఎడం మొదట్లోనూ చివర్లోనూ కూడా భూమి మీద చెట్టు లేదు, జంతువు లేదు. మీరు 8 కోట్లు అన్నారంటే అవతలివాడు డైనోసార్లను తలుచుకుంటాడు. అందుకే ఇది అచ్చుతప్పు కాదు, కథే మారిపోతుంది.

ఈ గీతను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. శిలాతోరణాన్ని వేరేగా ఇంకొకటిగా గుర్తించింది. ఒకే కొండ మీద రెండు. పైరాయి పేరేమిటో తెలుసా? నగరి క్వార్ట్‌జైట్. మన నగరే. ఆ ఊరి పిల్లలు పరీక్షల కోసం ఎక్కడెక్కడి రాళ్ల పేర్లో బట్టీ పడుతుంటారు పాపం.

శిలాతోరణం పేజీ కూడా ఒకసారి చూపించండి. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అని ఉండాలి. చాలాచోట్ల అడుగులూ మీటర్లూ కలిపి కొట్టేస్తున్నారు.

జిరాక్స్_అన్న | ఆదివారం రాత్రి 11:02

అక్కా, చిత్తూరులో పాతికేళ్లుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతా ఉండాను. మీ ఫైలు ఎందుకు తెరుచుకోదో చూడకుండానే చెప్తాను. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టుంటారు. అవునా?

అది తెలుగులా కనపడే ఇంగ్లీషు. తెరమీద "క" కనిపిస్తుంది గానీ కంప్యూటర్ లెక్కలో అక్కడ ఉండేది ఏదో ఇంగ్లీషు అక్షరం. ఆ ఫాంట్ ఉన్న సిస్టంలో తెలుగు, లేని సిస్టంలో గజిబిజి. ఒకసారి పెళ్లికార్డు ఫైలు వేరే షాపుకి పంపితే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట కామాలు, పౌండు గుర్తులు పడి వచ్చినాయి. పెళ్లికొడుకు నాన్న నా మెడ పట్టుకున్నంత పని చేశాడు.

కాబట్టి పాతదాన్ని దిద్దే పని పెట్టుకోకండి. యూనికోడ్‌లోకి మార్చేయండి. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉండాయి. నూటికి తొంభై వస్తుంది, మిగిలిన పది దగ్గర ఒత్తులు తిరగబడతాయి. పొల్లులు, వట్రసుడులు కూర్చుని దిద్దాల. 16 పేజీలంటే ఒక పూట పని. అచ్చు అక్షరానికి మండలి, సూరన్న, రామభద్ర ఫాంట్లు ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. లిబ్రేఆఫీస్‌లో పేజీలు కట్టుకోండి, అది కూడా డబ్బు లేకుండానే వస్తుంది.

ఇంకొక మాట. ఇంటిలో మిగిలిన అచ్చు కాపీలు పారేయద్దు. పెన్నుతో 8 పక్కన సున్నా పెట్టండి. పనైపోయింది.

తిరుచానూరు_టీచర్ | ఆదివారం రాత్రి 11:10

అన్నా, ఆ సున్నా ఐడియా నాకు తట్టనే లేదు. రేపే పిల్లలకు పని చెప్తాను.

బెంగళూరు_బస్సు | సోమవారం ఉదయం 7:15

తిరుపతి వాడినే మేడం, ఉద్యోగం బెంగళూరు. అమ్ముతున్నారన్న దాని మీద నా మాట ఒకటి.

మీ పుస్తకం మీద ఎక్కడా "దీన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చు" అని లేదు. ఏమీ రాయకపోతే చట్టం ప్రకారం హక్కులన్నీ మీవే. కాపీ తీసేవాడూ తప్పు చేసినట్టే, ప్రేమగా ఫార్వర్డ్ చేసే పక్కూరి టీచరూ తప్పు చేసినట్టే. మంచివాళ్లు భయపడతారు, దొంగ భయపడడు. మీరు పంచాలనే రాశారు కదా, ఆ మాట పుస్తకం మీదే ఉండాలి.

ఇందుకోసమే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి. 2002 నుంచీ వాడుకలో ఉన్నాయి. వాటిలో "బై" అంటే పేరు చెప్పాలి. "ఎస్ఏ" అంటే మార్చి పంచుకునేవాడు కూడా అదే షరతుతో పంచాలి. "ఎన్‌సీ" అంటే వ్యాపారానికి వాడకూడదు. "ఎన్‌డీ" అంటే మార్చి పంచకూడదు. నా సలహా బై-ఎస్ఏ. అప్పుడు ఆ కోచింగ్ వాళ్లు అమ్ముకోవచ్చు, కానీ మీ పేరు తీసేయడానికి లేదు, దాన్ని ఇంకొకడు జిరాక్స్ తీసుకుంటే ఆపడానికీ లేదు. అట్ట మీద మీ పేరూ, అసలు పుస్తకం ఉచితంగా ఎక్కడ దొరుకుతుందో ఉంటే 60 రూపాయలు ఎవడిస్తాడు?

ఒక హెచ్చరిక. ఈ లైసెన్స్ ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ఒకరోజు ఆలోచించి ఇవ్వండి.

పలమనేరు_పంతులు | సోమవారం ఉదయం 8:50

నాయనా బెంగళూరు, నీ మాటలు వినసొంపుగానే ఉన్నాయి. కష్టం ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది అయితే ఎట్లా? నేను తెలుగు వ్యాకరణం మీద నోట్సు రాసి పిల్లలకు ఇచ్చాను, సంధులు, సమాసాలు, ఛందస్సు. దాన్ని ఎవరో గైడులో కలుపుకుని వేలల్లో అమ్మారు. నాకు ఒక కాపీ కూడా ఇవ్వలేదు, నేనే డబ్బిచ్చి కొనుక్కున్నాను. వ్యాపారానికి వీల్లేదు అనే షరతు పెట్టాల్సిందే. ఎన్‌సీ పెట్టండమ్మా.

బెంగళూరు_బస్సు | సోమవారం ఉదయం 9:20

పంతులుగారూ, మీ కోపం న్యాయమే. ఎన్‌సీ పెడితే ఏమవుతుందో మాత్రం చూడండి. చిత్తూరు జిరాక్స్ అన్న కాపీకి 20 రూపాయలు తీసుకుని వేసిచ్చాడనుకోండి. అది వ్యాపారమా కాదా? ఫీజు తీసుకునే చిన్న ప్రైవేటు బడి వాడుకుంటే? ఈ గీత ఎక్కడ గీయాలో ఎవరూ తేల్చి చెప్పలేరు. పైగా ఎన్‌సీ ఉన్న బొమ్మను, పాఠాన్ని వికీపీడియా బొమ్మలు దాచుకునే వికీమీడియా కామన్స్ తీసుకోదు. అంటే తెలుగు వికీపీడియాలో తిరుమల కొండల వ్యాసానికి మేడం తీసిన ఫోటో వెళ్లదు.

ఇంకొకటి కూడా అడుగుతాను, కోప్పడకండి. మీ పేరు తీసేసిన ఆ గైడు వాళ్లు ఎన్‌సీ అని రాసుంటే ఆగేవారా?

పలమనేరు_పంతులు | సోమవారం ఉదయం 9:31

ఆగరు. అయినా రాసి ఉంటే నాకు తృప్తిగా ఉండేది.

జిరాక్స్_అన్న | సోమవారం ఉదయం 10:05

నా పేరు మధ్యలోకి ఎందుకు లాగుతారప్పా! నేను పేజీకి రూపాయి తీసుకుంటాను, అంతే. టోనర్ ఊరికే రాదు కదా.

కోర్టు_వాకిలి | సోమవారం మధ్యాహ్నం 1:40

చట్టం మీద కొంచెం స్పష్టత. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో టీచరు గానీ విద్యార్థి గానీ బోధన క్రమంలో ఒక రచనను కాపీ చేసుకోవడానికి మినహాయింపు ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపును విశాలంగానే చదివింది. కోర్సుకు అవసరమైన పేజీలు కట్టకట్టి ఇవ్వడం తప్పు కాదంది. కాబట్టి క్లాసులో పాఠం కోసం ఒక పేజీ జిరాక్స్ తీసి పంచడానికి భయపడక్కర్లేదు.

అయితే మేడం, మీ పుస్తకం క్లాసు దాటి ఊళ్లోకి వెళ్లింది. అక్కడ ఆ మినహాయింపు మీ వెంట రాదు. అందులో ఇంటర్నెట్ నుంచి తీసుకున్న ఫోటోలు ఉన్నాయా? పాఠ్యపుస్తకం బొమ్మలు? ప్రభుత్వం పుస్తకాలు ఊరికే ఇస్తోందంటే హక్కులు వదులుకుందని కాదు. మీవి కాని వాటికి మీరు లైసెన్స్ ఇవ్వలేరు. కోచింగ్ సెంటర్ మీద కోపం తెచ్చుకునే ముందు మన పుస్తకాన్నే ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి.

తిరుచానూరు_టీచర్ | సోమవారం సాయంత్రం 6:30

దొరికిపోయాను. నాలుగు ఫోటోలు గూగుల్‌లో వెతికి పెట్టినవే. ఎవరివో కూడా చూడలేదు. అందులో ఒకటి అసలు తిరుమల రాయేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది.

పాత_రాళ్లు | సోమవారం సాయంత్రం 7:12

ఆ నాలుగూ పంపండి.

పాత_రాళ్లు | సోమవారం రాత్రి 8:03

చూశాను. మూడోది మనది కాదు. పొరలు నిలువుగా ఉన్నాయి, పైగా అది సున్నపురాయి. తీసేయండి. ఒకరోజు పొద్దున్నే మీ ఫోనుతోనే నాలుగు తీసుకోండి, కొలత తెలిసేలా రాయి పక్కన ఒక పెన్నో, గొడుగో పెట్టి తీయండి. ఘాట్ రోడ్డులో బండి మాత్రం ఆపకండి, వ్యూ పాయింట్ల దగ్గరే.

చెవితో_చదువుతా | సోమవారం రాత్రి 9:45

నాకు చూపు లేదు. ఫోనులో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని చదువుకుంటాను. రెండూ తెలుగు బాగానే పలుకుతాయి. డీఎడ్ చదువుతున్నాను. మీ పుస్తకం మా గ్రూపులోకి కూడా వచ్చింది మేడం. తెరిస్తే అరగంట పాటు "ఏ, డాలర్, క్యూ, బ్రాకెట్" అని గొణిగింది. మీ పుస్తకంలో నేను విన్నది అంతే. ఇప్పుడు ఈ చర్చ చదివాక అర్థమైంది, అది అను ఫాంట్ మహిమ.

యూనికోడ్‌లోకి మారిస్తే మాలాంటి వాళ్లకు తలుపు తెరుచుకున్నట్టే. ఇంకొక చిన్న సాయం. ప్రతి ఫోటోకీ వెనక వివరణ రాసే చోటు ఉంటుంది, లిబ్రేఆఫీస్‌లో కూడా. అక్కడ "శిలాతోరణం ఫోటో" అని రాయకండి, ఫోటో ఉందని నాకు తెలుస్తుంది గానీ ఏముందో తెలియదు. "రెండు పక్కలా పలకలు పేర్చినట్టున్న బండలు, వాటిని కలుపుతూ పైన సన్నటి రాతి వంతెన, కింద మనిషి వంగకుండా నడిచేంత ఖాళీ" అన్నట్టు రాయండి. నేను ఊహించి రాశాను, తప్పైతే దిద్దండి.

చివరిగా ఒక ప్రశ్న. గ్రానైటూ క్వార్ట్‌జైటూ చేతికి ఎలా తగులుతాయి? ఆ ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.

పాత_రాళ్లు | సోమవారం రాత్రి 10:30

తమ్ముడూ, ముప్పై ఏళ్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

విరిగిన గ్రానైటు ముక్క మీద బొటనవేలు పెట్టి జరిపితే ఒక చోట నున్నగా అద్దంలా, పక్కనే గరుకుగా తగులుతుంది. రెండు మూడు రకాల ఖనిజాలు పెద్ద పెద్ద పలుకులుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి. క్వార్ట్‌జైట్ అలా కాదు, అంతా ఒకే రకం. గడ్డకట్టిన పంచదార ముక్కను నిమిరినట్టుంటుంది. విరిగిన అంచు మాత్రం పదును, జాగ్రత్త. బరువులో పెద్ద తేడా తెలియదు.

టీచరమ్మా, ఇది పుస్తకంలో పెట్టండి. అందరికీ. అయితే పిల్లల్ని కొండమీంచి రాయి తెమ్మని చెప్పకండి. అది అడవి, పైగా స్మారకం, సుత్తి వేయడానికి లేదు. గ్రానైటు ముక్కలు పాలిషింగ్ ఫ్యాక్టరీల దగ్గర గుట్టలు పోసి ఉంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. క్వార్ట్‌జైట్‌కి యూనివర్సిటీ జియాలజీ విభాగంలో ఒక ఉత్తరం పెట్టి చూడండి.

మదనపల్లె_మెట్ట | మంగళవారం ఉదయం 6:50

పుస్తకమే ఎందుకండీ? మాది మదనపల్లె పక్కన ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గదిలో ఐదు తరగతులు. 16 పేజీలు వరసగా చదివించే తీరిక నాకు లేదు. రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు ఎప్పుడో కార్డుల పద్ధతి పెట్టారు. ఒక కార్డు, ఒక పని. పిల్ల తన మెట్టు దగ్గర కార్డు తీసుకుని చేసుకుంటుంది, తర్వాత పై మెట్టుకు పోతుంది. తమిళనాడు బడుల్లోకి కూడా ఆ పద్ధతి పాకింది. మన పాత చిత్తూరు జిల్లాలో పుట్టిన సరుకు.

మీ పుస్తకంలో మంచి పనులు ఎనిమిది ఉన్నాయి. వాటిని ఎనిమిది కార్డులు చేయండి. ముందువైపు బొమ్మ, వెనక మూడు లైన్లు, ఒక ప్రశ్న. ఏ4 కాగితం నాలుగు మడతలు. చిరిగితే ఆ ఒక్కటే మళ్లీ వేసుకుంటాను. తప్పుంటే కూడా ఆ ఒక్కటే మారుస్తాను, 200 పుస్తకాలు కాదు.

జిరాక్స్_అన్న | మంగళవారం ఉదయం 9:15

కార్డుల ఐడియాకి నా ఓటు. ఒక ముఖ్యమైన సంగతి చెప్పడం మరిచా. మీ పీడీఎఫ్ ఇక్కడ నలుపు-తెలుపులో వేసి చూశాను. 9వ పేజీలో కొండ ఫోటో ఉంది చూడండి, కింది రాయి, పైరాయి అని రెండు బాణాలు పెట్టినారే. కాగితం మీద నల్లటి ముద్ద పడింది. బాణాలు గాల్లో వేలాడతా ఉండాయి. బడుల్లో ఎవరూ కలర్ వేయరు. ఫోటో బదులు పెన్నుతో గీత బొమ్మ వేయించండి. గ్రానైటుకి చుక్కలు, పైపొరకి అడ్డగీతలు. పదోసారి జిరాక్స్ తీసినా నిలబడుతుంది.

కాళహస్తి_కలం | మంగళవారం మధ్యాహ్నం 12:20

గీత బొమ్మలు నేను వేసిస్తాను. మా ఇంట్లో కలంకారీ పనే. చుక్కలూ గీతలూ మాకు కొత్త కాదు. మీరు ఫోటోలు పంపండి, శనివారానికి ఇస్తా. ఏ లైసెన్సు అంటే అదే, నా పేరు ఒక మూల చిన్నగా వేస్తే చాలు.

పలమనేరు_పంతులు | మంగళవారం సాయంత్రం 5:05

అన్నీ చెప్పారు గానీ భాష సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అట! తెలుగు పిల్లవాడు నోరు తిప్పగలడా? చక్కగా ఒక మాట కట్టుకోవాలి. "స్తరభంగం" బాగుంటుంది. స్తరం అంటే పొర.

బెంగళూరు_బస్సు | మంగళవారం సాయంత్రం 5:20

పంతులుగారూ, స్తరభంగం అంటే ఆస్పత్రికి తీసుకెళ్లాలేమో అనిపిస్తోంది.

తిరుచానూరు_టీచర్ | మంగళవారం సాయంత్రం 6:00

ఇవాళ పాత పుస్తకాన్నే క్లాసులో చదివించి చూశాను. ముందే చేయాల్సిన పని, అచ్చు వేశాక చేశాను. ఐదుగురిని విడివిడిగా కూర్చోబెట్టి పైకి చదవమని, అర్థం కాని చోట పెన్సిల్‌తో చుక్క పెట్టమన్నాను. నేను చాలా తేలిక అనుకున్న 4వ పేజీ చుక్కలతో నిండిపోయింది. "అవక్షేపం" దగ్గర ఐదుగురూ ఆగారు. ఒక అబ్బాయి క్వార్ట్‌జైట్‌ను "క్వార్టర్ జైటు" అని చదివి, అందరూ నవ్వితే తనూ నవ్వాడు. ఇప్పుడు వాళ్ల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటుంది కదా. వాళ్లకు కష్టం ఇంగ్లీషు మాటతోనూ కాదు, సంస్కృతం మాటతోనూ కాదు. ఏ మాటైనా సరే వెనక వస్తువు కనపడకపోతేనే కష్టం.

అన్‌కన్ఫర్మిటీకి వాళ్లనే పేరు పెట్టమన్నాను. "చిరిగిన పేజీలు" అంది మన కొండ ఏ రాయి అని అడిగిన పిల్ల, ఇప్పుడు పదో తరగతి. రాళ్ల సార్ ఇక్కడ రాసిన ఎడం సంగతి చెప్పాను లెండి, అందులోంచి తీసుకుంది. పంతులుగారు క్షమించాలి, కార్డు మీద అదే వేస్తాను, కింద అసలు పేరు కూడా ఉంటుంది.

80 కోట్లు ఎంతో చూపించడానికి ఇంకొకటి చేశాం. మా వీధి టైలర్ దగ్గర మూడు కొలత టేపులు అడిగి తెచ్చాను. ఒక్కోటి 150 సెంటీమీటర్లు. కోటి ఏళ్లకు ఒక సెంటీమీటర్ లెక్క. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. మూడు టేపులు కలిపి కుడితే 450, మిగిలిన నాలుగుకు జడ రిబ్బన్ ముక్క. వరండాలో పరిచాం. ఈ చివర ఇవాళ. డైనోసార్లు పోయింది ఇక్కణ్ణుంచి ఆరున్నర సెంటీమీటర్ల దగ్గర. మన కొండ కింది రాయి 250 దాటాక. అక్కణ్ణుంచి ఇటువైపు 80 సెంటీమీటర్లు మడిచి పిన్నీసు పెట్టాం. అదీ చిరిగిన పేజీలు. మనిషి పుట్టి మూడు లక్షల ఏళ్లంటే ఎంత అని అడిగితే ఒకడు లెక్క వేసి, నోటుబుక్కులోంచి మూడు కాగితాలు కలిపి పట్టుకుని "ఈ మందం" అన్నాడు. నిజమే, 0.3 మిల్లీమీటర్లు.

నేను రాసిన 8 కోట్లయితే ఎంత అని కూడా కొలిచారు. ఎనిమిది సెంటీమీటర్లు. చూపుడువేలంత. ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది.

పాత_రాళ్లు | మంగళవారం సాయంత్రం 6:40

టేపు పనే మొదటి కార్డు చేయండి. ఇంత చక్కగా మేము కూడా ఎవరికీ చెప్పలేదు.

చెవితో_చదువుతా | మంగళవారం రాత్రి 8:15

మేడం, టేపు మీద పిన్నీసు పెట్టారన్నారు కదా. ఆ 80 మడత దగ్గర, ఆరున్నర దగ్గర ముడి దారం కట్టండి. చేత్తో తడుముకుంటూ పోతాను.

కోర్టు_వాకిలి | మంగళవారం రాత్రి 9:00

కొత్త కూర్పుకు మొదటి పేజీలో నాలుగు సంగతులు ఉండేలా చూడండి: ఎన్నో కూర్పు, ఏ నెల, కిందటిదాని నుంచి ఏం మారింది, ఎలా వాడుకోవచ్చు. పాత పీడీఎఫ్‌ను ఎవరూ వెనక్కి పిలవలేరు. కానీ "రెండో కూర్పు" అని పెద్దగా ఉంటే మొదటిది పాతదని చదివేవాడికి తెలుస్తుంది. కోచింగ్ సెంటర్‌కు ఒక మర్యాద ఉత్తరం చాలు, ముందే నోటీసుల దాకా పోవద్దు.

తిరుచానూరు_టీచర్ | ఆదివారం రాత్రి 8:20

వారం పట్టింది. ఎనిమిది కార్డులు, 12 పేజీల పుస్తకం, రెండూ యూనికోడ్‌లో. బొమ్మలు కాళహస్తి వారివి, ఫోటోలు నావి. లైసెన్సు మీద మూడు రోజులు ఊగిసలాడి చివరికి బై-ఎస్ఏ పెట్టాను. పంతులుగారికి ఫోన్ చేసి చెప్పాను, "నీ ఇష్టం తల్లీ" అని, వెంటనే కార్డుల్లో మూడు చోట్ల ఒత్తు తప్పు పట్టారు. దిద్దాను. పీడీఎఫ్‌తో పాటు మార్చుకోగలిగే ఫైలు కూడా ఇక్కడే పెడుతున్నాను. మార్పుల పట్టికలో మొదటి లైను: "7వ పేజీ: 8 కోట్లు కాదు, 80 కోట్లు. తప్పు రచయితది."

కోచింగ్ సెంటర్‌కు ఉత్తరం రాసి, కొత్త కూర్పు జత చేశాను. జవాబు రాలేదు. అక్కడ చదివే మా పాత విద్యార్థి మాత్రం తన కాపీలో పెన్నుతో సున్నా పెట్టుకున్నానని, పక్క బెంచీ వాళ్లకూ పెట్టించానని మెసేజ్ చేశాడు.

మదనపల్లె_మెట్ట | ఆదివారం రాత్రి 9:05

ఫైలు దించుకున్నాను మేడం, తెరుచుకుంది. దీన్ని హార్స్‌లీ హిల్స్‌కు మారుస్తాను. మా పిల్లలకు కనపడేది ఏనుగు మల్లమ్మ కొండే కదా. అక్కడ పైపొర క్వార్ట్‌జైట్ ఉండదు అనుకుంటా, అంతా గ్రానైటు జాతి రాయే. రాళ్ల సార్ ఒప్పుకుంటే 3, 4 కార్డులు తీసేసి వాటి బదులు కొండ ఎత్తు 1,265 మీటర్లు ఎలా కొలుస్తారో పెడతాను. టేపు కార్డు అలాగే ఉంచుతా.

పాత_రాళ్లు | ఆదివారం రాత్రి 9:30

3 తీయండి, 4 ఉంచండి. ఎందుకో పొద్దున ఫోన్‌లో చెప్తా, ఇక్కడ రాస్తే పెద్దదవుతుంది.

చెవితో_చదువుతా | ఆదివారం రాత్రి 10:10

రెండో కూర్పు మొత్తం విన్నాను. 6వ కార్డు వెనక బొమ్మకు మాత్రం వివరణ పెట్టడం మరిచిపోయారు. "చిత్రం 6" అని ఆగిపోయింది. అందులో ఏముంది మేడం?